దండెం కన్ను

విసనకర్ర దగ్గర మొదలైంది గొడవ.

హైదరాబాదు ప్రయాణానికి గవరమ్మ తన సంచి తానే సర్దుకుంది. రెండు నేత చీరలు, ఒక తువ్వాలు, కూతురి కొత్తింటికని పసుపుకొమ్ములు, అన్నిటి మీదా తాటాకు విసనకర్ర. అది సంచిలో ఇమడక, కాడ బయటికి పొడుచుకొచ్చింది. కొడుకు తవిటినాయుడు దాన్ని లాగి మంచం మీద పడేశాడు. ఆమె మళ్ళీ తీసి గుచ్చింది. ఆయన మళ్ళీ లాగాడు.

"విమానంలో గాలి వాళ్ళే పెడతారమ్మా. దీనితో పనిలేదు."

"పెడతారు. మద్దెలో ఆపీసినారనుకో, కిటికీ తీస్తావేటి నువ్వు?"

ఇంటర్ చదువుతున్న మనవరాలు సౌగంధి సోఫాలో దొర్లి దొర్లి నవ్వింది. ఆ నవ్వుకి తవిటినాయుడికి పౌరుషం పొడుచుకొచ్చింది. పోర్టులో కొండలంత క్రేన్లను చెప్పినట్టు ఆడించే మనిషి, ఇంట్లో ఒక తాటాకు ముక్క దగ్గర ఓడిపోతే ఎలా? మాటకు మాట పెరిగి, విషయం విసనకర్రను దాటి, ఆయన చిన్నప్పుడు సంతలో పోగొట్టుకొచ్చిన గొర్రెపిల్ల దాకా పోయింది. అప్పుడు నళిని వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. సంచిలో పట్టదు కాబట్టి దాన్ని అత్త చేత్తో పట్టుకుంటుందనీ, చేతిలో విసనకర్ర ఉంటే ఎవరికీ నష్టం లేదనీ తేల్చేసింది. ఇద్దరూ ఊరుకున్నారు.

ఆ ఇంట్లో తీర్పు చెప్పే పని కోడలిది. ఎవరి ముఖమూ చూడకుండా, ఉన్న సంగతిని బట్టి చెబుతుందని ఆమెకు పేరు. బయట ఉద్యోగంలోనూ ఆమె చేసింది అదే. కాకపోతే అక్కడ తన బదులు తీర్పు చెప్పే యంత్రాన్ని తయారుచేసింది.

విమానాల కంపెనీలన్నిటికీ ఒక నియమం ఉంది. ప్రయాణికులు మర్యాదైన దుస్తుల్లో రావాలి. అంతే, ఒక్క వాక్యం. మర్యాద అంటే ఏమిటో ఆ వాక్యం చెప్పదు. గేటు దగ్గర నిలబడ్డవాళ్ళు చెబుతారు. ఒక గేటులో పొట్టి లాగు వేసుకున్న అమ్మాయిని వెనక్కి పంపారు. అదే రోజు పక్క గేటులో అంతకన్నా పొట్టి లాగుతో ఒక పెద్దమనిషి, పొట్ట ముందు నడుస్తుండగా, దర్జాగా ఎక్కాడు. ఒకచోట గోచీ పోసి పంచె కట్టుకున్న రైతును ప్యాంటు తెచ్చుకున్నావా అని అడిగారు. వీడియోలు ఊరూరా తిరిగాయి. గొడవ కోర్టుకెక్కింది. అందరికీ ఒకే కొలత పెట్టండి, లేదంటే నియమమే ఎత్తేయండి అని కోర్టు కసిరింది.

ఆ రోజుల్లోనే ఒకసారి నళిని ఆరిన బట్టలు తీయడానికి మేడ మీదికి వెళ్ళింది. అపార్టుమెంటులో అందరి దండేలూ అక్కడే. కింద పోర్షన్ డాక్టరు గారి చొక్కా, వాచ్‌మన్ చొక్కా పక్కపక్కనే ఊగుతున్నాయి. ఏది ఎవరిదో ఆమెకు తెలియలేదు. లోపల మనిషి లేకపోతే బట్ట వట్టి బట్టే కదా అనుకుంది. చేతిలో బట్టలు చేతిలోనే ఉంచుకుని చాలాసేపు అక్కడే నిలబడిపోయింది.

ఆ ఆలోచనే యంత్రమైంది. కొండవాలు మీది ప్రయోగశాలలో, తోటి శాస్త్రవేత్త ఫర్జానాతో కలిసి దాన్ని తయారుచేసింది. మనిషి వచ్చి గేటు ముందు పాదాల గుర్తుల మీద నిలబడగానే ఒక పలుచని వెలుగు తల నుంచి కాలి దాకా జారుతుంది. ముఖం, ఒంటి రంగు, వయసు, నగలు, నిలబడే తీరు, అన్నీ చెరిగిపోతాయి. తెర మీద బట్ట ఒక్కటే మిగులుతుంది, కనిపించని దండేనికి వేలాడుతున్నట్టు. యంత్రం చూసేది దాన్నే. పచ్చ లైటో, ఎర్ర లైటో వెలుగుతుంది. కంపెనీ దానికి బారెడు పేరు పెట్టింది కానీ, ప్రయోగశాలలో అందరూ దండెం అనే పిలిచేవారు.

ఒక్క విషయంలో నళిని విమాన కంపెనీలతో పంతం పట్టి గెలిచింది. ఎర్ర లైటు పడ్డాక గేటు సిబ్బంది నొక్కి పచ్చ చేసుకునేందుకు ఒక మీట కావాలని వాళ్ళు అడిగారు. కుదరదంది. ఆ మీట ఉంటే తెలిసినవాళ్ళకీ, డబ్బున్నవాళ్ళకీ పచ్చ పడుతుంది, మిగతావాళ్ళు వెనక్కి పోతారు, మళ్ళీ పాత కథే అంది. మీట ఉండదని రాయించుకున్నాకే దండేన్ని ప్రయోగశాల గడప దాటనిచ్చింది.

గవరమ్మకు ఇదంతా ఎంత అర్థమైందో గానీ, అసలు సంగతి మాత్రం బాగా పట్టుకుంది. కూరలమ్మికీ, పాలవాడికీ, లిఫ్టులో ఎదురైన కొత్తవాళ్ళకీ అదే చెప్పేది: "మా కోడలు మనిసిని సూడని కన్ను సేసింది."

కూతురు సత్యవేణి హైదరాబాదులో ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశంలో తల్లి చేతుల మీదుగా పాలు పొంగాలని ఆమె కోరిక. తోడుగా నళిని ఒక్కతే బయల్దేరింది. విశాఖ విమానాశ్రయంలో దండేన్ని ఒక గేటుకి అప్పటికే ప్రయోగాత్మకంగా బిగించారు. మిగతా గేట్లు ఖాళీగా ఉన్నా, నళిని కావాలనే అత్తను ఆ గేటుకి తీసుకువెళ్ళింది. తన చేతి పనిని అత్తకు చూపించాలన్న ముచ్చట అది.

గవరమ్మ కట్టు గురించి ఇక్కడ చెప్పాలి. ఆమె పుట్టిందీ మెట్టిందీ నాగావళి ఒడ్డు పల్లెల్లో. ఆ పక్క ఆమె ఈడు ఆడవాళ్ళు చాలామంది రవిక తొడగరు. కొనుక్కోలేక కాదు. వాళ్ళ కట్టుకి దానితో అవసరం లేదు. చీరను నడుముకు బిగించి చుట్టి, కొంగును గుండెల మీదుగా అడ్డంగా తీసి, వీపంతా కప్పి, ఎడమ భుజం మీదికి తెచ్చి చివర నడుములో దోపుతారు. మెడ కింద నుంచి పిక్కల దాకా బట్టే. కుడి భుజమూ చేతులూ మాత్రం బయట ఉంటాయి. నాట్లలో వంగినా, నెత్తిన మోపుతో గట్టెక్కినా ఆ కట్టు సడలదు, జారదు. పెళ్ళయిన కొత్తలో నళిని సరదాపడి ఆ కట్టు నేర్చుకోబోయి, నడవగానే ఊడిపోతే సిగ్గుపడి మానుకుంది. అలా కట్టుకుని గవరమ్మ వీధిలో నడిచి వస్తుంటే ఎదురొచ్చేవాళ్ళు తెలియకుండానే పక్కకి తప్పుకునేవారు. నడకలో అంత నిండుదనం.

గేటు దగ్గర వాళ్ళ ముందు ఒక అమ్మాయి ఉంది. ఏదో వేడుకకి వెళుతున్నట్టుంది, తళతళలాడే గౌను వేసుకుంది. రెండు భుజాలూ, సగం వీపూ బయటే. పాదాల గుర్తుల మీద నిలబడింది, పచ్చ లైటు పడింది, వెళ్ళిపోయింది. గవరమ్మ ఆ అమ్మాయిని తప్పుపట్టలేదు. ఆ లోపల ఏసీలో ఈ గుంటకి చలేస్తుందేమో అని మాత్రం కోడలి చెవిలో అంది.

తర్వాత తాను వెళ్ళి నిలబడింది. వెలుగు జారింది. తెర మీద ఇటుకరంగు చీర ఒక్కటే, లోపల ఎవరూ లేకుండా, గాలిలో నిలబడింది. ఎర్ర లైటు పడింది.

గేటులో ఉన్న అమ్మాయి మర్యాదస్తురాలే. మరోసారి నిలబడమని బతిమాలింది. మళ్ళీ ఎర్ర లైటే. కౌంటరు కింద నుంచి కంపెనీ శాలువా ఒకటి తీసి, ఇది కప్పుకుని నిలబడితే పచ్చ పడుతుందమ్మా అని చాపింది.

"నాకు సలి నేదమ్మా," అంది గవరమ్మ.

చలికి కాదనీ, భుజం కనబడకుండా అనీ ఆ అమ్మాయి నసుగుతూ చెప్పింది. వెనక వరుసలో ఎవరో గొంతు సవరించుకున్నారు. నళిని ముఖం జేవురించింది. ముందుకి వెళ్ళి తానెవరో చెప్పింది. యంత్రం పొరబడిందనీ, దాన్ని పక్కన పెట్టి కంటితో చూసి పంపించమనీ అడిగింది.

ఆ అమ్మాయి ఆమెను గుర్తుపట్టింది. గొంతు బాగా తగ్గించి అంది: "మీరు మాకు క్లాసు చెప్పారు కదా మేడమ్. గేటు దగ్గర మనిషి చెయ్యి పడకూడదన్నారు. ఇక్కడ ఎర్ర పడినవాళ్ళను పక్క గేటులోంచి కూడా పంపకూడదన్నారు. మీట వద్దన్నది మీరేనట కదా. ఇప్పుడు నేనేం చెయ్యను?"

నళినికి తాను వేసిన తాళం ఎంత గట్టిదో తానే లాగి చూసుకున్నట్టయింది.

గవరమ్మ శాలువా అంచు రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది. ఎందరో కప్పుకుని విడిచిన గుడ్డ అది. దాన్ని మడిచి కౌంటరు మీద పెట్టింది. "కొత్తింటికి పాలు పొంగించడానికి ఎల్లీదాన్ని. ఎవులెవులో విప్పీసిన గుడ్డ కప్పుకొని ఎల్తానేటి? ఎనక్కి పద, అమ్మీ."

ముహూర్తానికి అందే విమానం మరొకటి లేదు. కారులో నళిని ఆడపడుచుకి ఫోన్ చేసి ఏం చెప్పాలో తోచక తడుముకుంటుంటే, గవరమ్మ ఫోను లాక్కుంది. కడుపులో బాగోలేదనీ, తానే ప్రయాణం మానుకున్నాననీ, పాలు సత్యవేణి అత్తగారి చేత పొంగించుకోమనీ ఒక్క ఊపిరిలో అబద్ధమాడేసింది. అత్త తిడుతుందేమోనని నళిని దారంతా ఎదురుచూసింది. తిట్టి ఉంటే బాగుండేది. గవరమ్మ కిటికీలోంచి కొబ్బరిచెట్లు చూస్తూ కూర్చుంది.

మర్నాడు నళిని మేడ మీద ఆరేసి ఉన్న ఇటుకరంగు చీరను అత్తనడిగి ప్రయోగశాలకి తీసుకువెళ్ళింది. ఎందుకని గవరమ్మ అడగలేదు.

ఫర్జానాకి జరిగింది చెబితే ఆమె ముందు నమ్మలేదు. భుజాన్ని కొలిచే లెక్కలో ఏదో తప్పు దొర్లి ఉంటుందంది. ఇద్దరూ పరీక్షకు కూర్చున్నారు. మనిషెత్తు బొమ్మకి, ఆ గేటులో చూసినటువంటి గౌనే ఒకటి తెప్పించి తొడిగారు. పచ్చ లైటు. అత్త చీరను, నళినికి చేతనైనంతలో, అత్త కట్టినట్టే బొమ్మకి కట్టారు. ఎర్ర లైటు.

"కట్టునే ఆపుతోంది. ఈ కట్టు దానికి తెలియదు," అంది ఫర్జానా.

నళిని వెంటనే ఒప్పుకోలేదు. ఇంటికి కబురుపెట్టి తన పెళ్ళినాటి పట్టుచీర తెప్పించింది. అదే కట్టు కట్టింది. అదే భుజం బయట, అదే చెయ్యి బయట. దండెం ఒక్క క్షణం కూడా తడుముకోకుండా పచ్చ లైటు వెలిగించింది.

ఫర్జానా కుర్చీలోంచి లేచింది. ఈసారి ఆమే కత్తెర తీసుకుంది. తన పాత నూలు దుప్పట్టా తెప్పించి, ఆ గౌను కత్తిరింపుకి సరిగ్గా దించి, పెద్ద పెద్ద కుట్లతో కుట్టి బొమ్మకి తొడిగింది. గౌను అంతే పొడవు, అంతే మెడ. ఎర్ర లైటు పడింది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

నళిని అత్త చీర కొంగును కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. మంచి చీర. నేసిన చెయ్యి గట్టిది. కానీ అంచు దగ్గర రంగు లోపలికి కుంగింది, మడత పడేచోట నూలు కాస్త తెల్లబడింది. ఎన్నో ఉతుకులు తిన్న బట్ట అని ఇల్లు నడిపే ఏ ఆడదానికైనా ముట్టుకోకుండానే తెలుస్తుంది. భుజాన్ని కాదు, మెడను కాదు, దండెం చూసింది ఇదన్నమాట. నూలు ఎంత ముతక, ఎండ ఎంత తిన్నది, ఎన్నిసార్లు సబ్బు పడింది.

"ఇది మనం నేర్పలేదు," అంది ఫర్జానా.

"నేర్పాం," అంది నళిని.

మర్యాద అంటే ఏమిటో యంత్రానికి ఒకరు చెప్పాలి కదా. వాళ్ళు ఏం చేశారంటే, కొన్నేళ్ళపాటు దేశంలోని గేట్ల దగ్గర సిబ్బంది ఎవరిని వదిలారో, ఎవరిని ఆపారో ఆ కెమెరా బొమ్మలన్నీ తెప్పించి, మనుషుల్ని చెరిపేసి, బట్టల్ని మాత్రం దండేనికి చూపించారు. ఇవి వదిలిన బట్టలు, ఇవి ఆపిన బట్టలు, నువ్వే నేర్చుకో అన్నారు. అది బుద్ధిగా నేర్చుకుంది. గేటులో నిలబడ్డవాళ్ళు బీదవాళ్ళను ఆపారు. మనిషిని తీసేస్తే బీదతనం పోతుందని నళిని అనుకుంది. అది బట్టలోనే మిగిలిపోయింది. మనుషులు పైకి అనకుండా మనసులో పెట్టుకున్నదాన్ని యంత్రం మొహమాటం లేకుండా బయటపెట్టింది. పప్పులో రాళ్ళు ఏరడం వచ్చినదానికి, నేర్పే ముందు ఆ బొమ్మల్ని ఒకసారి చేటలో పోసుకోవాలని ఎందుకు తోచలేదో ఆమెకు అర్థం కాలేదు. బహుశా, ఆపినవాళ్ళు ఏదో ఒక కారణం ఉండే ఆపి ఉంటారని తనకు కూడా ఎక్కడో లోపల అనిపించిందేమో.

ప్రయోగశాల పెద్ద భార్గవ గారు అంతా ఓపికగా విన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. దండేన్ని తన బిడ్డలా చూసుకున్నవాడు. మరుసటి వారం ఢిల్లీలో కోర్టు వేసిన విచారణ సంఘం ముందు దాన్ని పెట్టాలి. వాళ్ళు సరేనంటే దేశంలో ప్రతి గేటుకీ అదే. తయారుచేసిన మనిషిగా నళిని లేచి, ఈ యంత్రం బట్టను తప్ప మరి దేన్నీ చూడదు అని ప్రకటించాలి.

"అది అబద్ధం కాదు కదమ్మా," అన్నాడాయన. "నిజంగానే బట్టను తప్ప చూడట్లేదు. మీ అత్తగారి కట్టుకి ఒక మినహాయింపు నేర్పించండి. ఆవిడకి రేపే పచ్చ లైటు పడుతుంది. మిగతావి నెమ్మదిగా దిద్దుకుందాం. అసలు లేనిదానికన్నా మేలేగా."

అత్త కట్టుకి నేర్పుతాను సరే, వెలిసిన లుంగీకి ఎవరు నేర్పుతారు, రిక్షా తొక్కి చిరిగిన చొక్కాకి ఎవరి కోడలు వచ్చి మినహాయింపు అడుగుతుంది అని నళిని అడిగింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆలోచించుకోమన్నాడు. ఈ యంత్రంతో ఆమె పేరు దేశమంతా తెలుస్తుందనీ, తన చేత్తో తాను దాన్ని చెరుపుకోవద్దనీ పెద్దవాడిగా చెప్పాడు.

ఆ మాట నళినితో పాటు ఇంటిదాకా వచ్చింది. ఆమెకు పేరంటే ఇష్టం లేకపోలేదు. ఎన్నేళ్ళ పని! పైగా ఆయన ఇవ్వమన్న ప్రకటనలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అత్తకి పచ్చ లైటు పడితే చాలదా? మెట్లెక్కుతూ, దాదాపు ఒప్పేసుకుంది.

గవరమ్మ గది తలుపు వారగా ఉంది. లోపల అద్దం ముందు ఆమె వీపు ఇటు చేసి నిలబడి ఉంది. సౌగంధి ఊపిరి బిగబట్టి హుక్కులు పెడుతోంది. ముదురు ఎరుపు రంగు రవిక. వీధి చివరి టైలరు దగ్గరికి ఎప్పుడు వెళ్ళిందో, ఎప్పుడు కొలతలిచ్చిందో ఎవరికీ చెప్పలేదు. చంక దగ్గర బిగిసి, చేతులు కిందికి దించలేక, రెక్కలు తడిసిన కొంగలా అలా దూరంగా పట్టుకుని నిలబడింది. డెబ్బై దాటిన ఒంటికి అది మొదటి రవిక.

కోడల్ని అద్దంలో చూసి, సంకోచంగా నవ్వింది. సరిపోయిందా అని అడిగింది. "మరి నీ మిసను ఒప్పుకుంటాదా, ఇలగుంటే?"

ఎందుకు కుట్టించావత్తా అని నళిని అడిగింది.

గవరమ్మ ఆ ప్రశ్నే వింత అన్నట్టు చూసింది. "మనుసులన్న మాటయితే ఒగ్గీసుందును. వొందమంది వొంద అంతారు. నీ మిసను మనిసిని సూడదు గదా. మనిసిని సూడకుండా తప్పందంటే, నా కట్టులోనే ఏదో తప్పుండుంటాది. ఇన్నాళ్ళూ ఎవులూ సెప్పనేదు, అంతే."

సౌగంధి హుక్కు మీద వేళ్ళు అలాగే ఉంచి తల్లి వైపు చూసింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళున్నాయి.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే నళిని భార్గవ గారికి ఫోన్ చేసి మాట్లాడింది. తర్వాత ఫర్జానాతో మాట్లాడింది. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఆనపకాయ పులుసు పెట్టి, నెత్తళ్ళ చేపలు వేయించింది. ఆదివారాలు నలుగురూ కింద చాపల మీద కూర్చుని తినడం ఆ ఇంటి అలవాటు. గవరమ్మ ఆ ఎర్ర రవికతోనే వచ్చి కూర్చుంది. ముద్ద నోటిదాకా ఎత్తడానికి చెయ్యి సరిగా లేవక, కంచం మీదికి వంగి తినసాగింది. నిటారుగా కూర్చుని తినే మనిషి. తవిటినాయుడు తల్లిని చూడలేక కంచంలోకి చూసుకుంటున్నాడు.

వడ్డన అయ్యాక నళిని తానూ కూర్చుంది.

"వచ్చే వారం ఢిల్లీ వెళుతున్నాను," అంది. "వాళ్ళు చెప్పమన్న మాట నేను చెప్పను. మినహాయింపూ నేర్పను. దండెం దగ్గర అత్త చీర కట్టి, పట్టుచీర కట్టి, అందరి ముందూ చూపిస్తాను. విశాఖలో గేటుకి పెట్టినదాన్ని తీసేయమని పొద్దునే చెప్పేశాను. తయారుచేసినవాళ్ళు లోపం ఉందంటే విమానాశ్రయం వాళ్ళు తీయాల్సిందే."

తవిటినాయుడు ముద్ద మధ్యలో ఆగిపోయాడు. ఇన్నేళ్ళు కట్టిన ఇంటిని తానే పడగొట్టుకుంటుందా, ప్రయోగశాలలో ఇక ఉండనిస్తారా అని అడిగాడు.

"ఉండనివ్వకపోవచ్చు. కానీ పడగొట్టడం లేదండీ, తిప్పి పెడుతున్నాను. ఇన్నాళ్ళూ అది ప్రయాణికుల వైపు తిరిగి ఉంది. గేటు వైపు తిప్పుతాను. ఒకే కొలతలో ఉన్న ఇద్దరిలో ఎవరిని ఆపారో, ఎవరిని వదిలారో ఏళ్ళ తరబడి కెమెరా బొమ్మలతో సహా చూపించగలిగింది అదొక్కటే. మనం చేసింది చెడ్డ యంత్రం కాదు. దాన్ని కూర్చోబెట్టిన చోటు తప్పు."

ఆయన ఎత్తిన ముద్ద కంచంలో పెట్టేశాడు. ఎప్పటి గట్టి గొంతుతోనే కూతురి వైపు తిరిగి, "విన్నావా? మీ అమ్మ," అన్నాడు. మిగతా వాక్యం పూర్తి చేయలేదు. అవసరం లేకపోయింది.

నళిని అత్త వైపు తిరిగింది. "అత్తా, మిషను నీ కట్టు చూడలేదు. చీర పాతదని చూసింది. గేటుల్లో ఉన్నవాళ్ళు పాత బట్టవాళ్ళను ఆపుతూ వచ్చారు, నేను వాళ్ళ దగ్గరే దానికి చదువు చెప్పించాను. ఇదే కట్టు నా పట్టుచీరతో కడితే నోరెత్తలేదు."

గవరమ్మ నమలడం ఆపింది. "అయితే నా కట్టులో తప్పు నేదు."

"లేదు."

"ఇది మిసను సెప్తందా, నువ్వు సెప్తన్నావా?"

"నేనే చెబుతున్నాను."

గవరమ్మ చాలాసేపు కోడలి ముఖం చూసింది. ఆ కంటికి మనిషి మొత్తం కనబడింది. తర్వాత ఎడం చేత్తో కంచం పక్కకి జరిపి, లేచి, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. బయట ముగ్గురూ పులుసు చల్లారుతుంటే కూర్చున్నారు. తలుపు తెరుచుకునేసరికి ఆమె ఎప్పటి కట్టులో ఉంది. కొంగు వీపంతా కప్పి నడుములో బిగిసి ఉంది. కుడి భుజం మీద రవిక కుట్టు ఒత్తిన ఎర్రటి గీత ఇంకా కనబడుతోంది. వచ్చి తన చోట నిటారుగా కూర్చుని, కంచం దగ్గరికి లాక్కుంది.

ఢిల్లీకి ఎలా వెళతావని అడిగింది. విమానంలోనే అని నళిని చెప్పింది. ఆ గేటు లోంచేనా అని అడిగింది. అదే గేటు అని, ఇప్పుడు అక్కడ దండెం ఉండదనీ, మనుషులే ఉంటారనీ, వాళ్ళు ఆపినా ఆపొచ్చనీ నళిని దాచకుండా చెప్పింది. ఆపితే ఎందుకాపారో అందరూ వినేలా నిలదీస్తానంది.

"నువ్వు అడగడమేటి?" అంది గవరమ్మ, ముద్ద కలుపుతూ. "కట్టు నాది. నాకూ ఒక టిక్కెట్టు తియ్యి. నానడుగుతాను."